జాకెట్లు కుట్టేదాన్ని, సెన్సార్ బ్రా వేసుకుని చూశాను

గుంటూరు బ్రాడీపేటలో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. పోయిన నెల రెండో శనివారం మా పక్క అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఒక కంపెనీ వాళ్లు క్యాంపు పెట్టారు. రొమ్ము క్యాన్సర్‌ని ముందే పట్టుకునే సెన్సార్ బ్రా అట. ఇరవై నిమిషాలు వేసుకుని కూర్చుంటే చాలట. మనిషికి 600 రూపాయలు. కంపెనీ పేరు రాయను, అడగొద్దు. ఇది టైపు చేసింది మా అమ్మాయి, ఈసీఈ మూడో సంవత్సరం. సెన్సార్ల సంగతులు దాన్ని అడిగి రాసినవి. బట్ట సంగతి మాత్రం నాదే.

ముందు వస్తువు గురించి చెప్తాను. చూడటానికి జిమ్‌కి వెళ్లేవాళ్లు వేసుకునే స్పోర్ట్స్ బ్రాలాగే ఉంది. నల్ల రంగు, సాగే గుడ్డ, ముందు జిప్పు. గుడ్డ పట్టుకుని చూశాను, నూలు లేదు, అంతా సింథటిక్. లోపలి వైపు ఆవగింజ కన్నా కాస్త పెద్ద చుక్కలు వరుసగా అతికించి ఉన్నాయి. ఒక్కో వైపు పదహారు లెక్కపెట్టాను. వాటి నుంచి సన్న తీగలు రెండు పొరల మధ్యగా పోయి పక్కన అగ్గిపెట్టెంత డబ్బాలో కలుస్తాయి. ఆ డబ్బా ట్యాబ్‌తో మాట్లాడుతుంది. కుట్టు పని బాగుంది, ఆ మాట చెప్పాల్సిందే. ఎక్కడా దారం తేలలేదు, తీగ గుచ్చుకోలేదు. మిషన్ మీద అంత సన్నగా రెండో పొర కుట్టిన మనిషెవరో గానీ చెయ్యి తిరిగినవాళ్లే.

కానీ సైజులు మూడే తెచ్చారు. చిన్నది, మధ్యది, పెద్దది. క్యాంపులో కొలతలు తీసే కంపెనీ అమ్మాయిని నేను మొదటి నిమిషంలోనే అడిగాను, "అమ్మాయ్, మీ పెద్దది ఎంత చుట్టుకొలత?" అని. "నలభై వరకు వస్తుందక్కా" అంది. మా లైనులో నా దగ్గర కుట్టించుకునే వాళ్లలో సగం మందికి నలభై దాటుతుంది. 42, 44 వాళ్లు ఆ రోజు కనీసం ఏడుగురు వచ్చారు. నలుగురు జిప్పు పడక వెనక్కి వెళ్లిపోయారు. ఒకావిడైతే అందరి ముందూ "నాకు క్యాన్సర్ వచ్చే అదృష్టం కూడా లేదు" అని నవ్వేసి వెళ్లింది. నవ్వింది కానీ మొహం చిన్నబోయింది. వయసు మళ్లాక ఒళ్లు ఎక్కువున్న వాళ్లకి ఈ జబ్బు భయం ఇంకొంచెం ఎక్కువని డాక్టర్లే చెప్తారు. సరిగ్గా వాళ్లకే సైజు లేదు.

నా వంతు వచ్చింది. ముందు ఏసీ గదిలో పావుగంట కూర్చోబెట్టారు, ఒంటి వేడి సర్దుకోవాలట. టీ తాగొచ్చారా, ఎండలోంచి వచ్చారా, నెలసరి ఎప్పుడు అని అడిగారు. ఇవన్నీ అడగడం నాకు నచ్చింది. ఒక్కటి మాత్రం అడగలేదు, నేనూ చెప్పలేదు. అరగంట ముందు దాకా నేను ఇస్త్రీ పెట్టె ముందు నిలబడి పదకొండు జాకెట్లు ఇస్త్రీ చేసి వచ్చాను. నా ఇస్త్రీ బల్ల ఎడమ చేతి వైపు ఉంటుంది. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

వేసుకున్నాను. కుడి వైపు సరిగ్గా కూర్చుంది. ఎడమ వైపు చంక దగ్గర వేలు దూరేంత ఖాళీ. ట్యాబ్ మీద ఎడమ చుక్కలు నాలుగైదు బూడిద రంగులో ఆగిపోయాయి. ఒంటికి ఆనలేదన్నమాట. ఆ అమ్మాయి పాపం చేత్తో నొక్కి పట్టుకుంది. "ఇరవై నిమిషాలూ ఇలాగే పట్టుకుంటావా? నీ చేతి వేడి కూడా దానికి తగలదా?" అన్నాను. ఏం చెప్పాలో తెలియక నవ్వింది.

ఇక్కడ నా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. ఇరవై రెండేళ్లలో రెండు వైపులా ఒకే కొలత ఉన్న ఆడమనిషిని నేను చూడలేదు. అందరికీ ఎంతో కొంత తేడా ఉంటుంది. మేం అది మనిషికి చెప్పం. టక్కు దగ్గర ఒక వైపు పావంగుళం లోపలికి పట్టి, రెండో వైపు వదులు ఇచ్చి సర్దేస్తాం. ఆవిడ అద్దంలో చూసుకుని "భలే కుదిరింది" అంటుంది. ఈ బ్రా తయారు చేసినవాళ్లు రెండు గిన్నెలూ ఒకే అచ్చులో పోశారు. మామూలు బ్రా అయితే ఇబ్బంది లేదు, ఎవరి తిప్పలు వాళ్లు పడతారు. కానీ ఇది ఒంటిని కొలిచేది. చుక్క ఒంటికి ఆనకపోతే గాలి వేడిని కొలుస్తుంది.

నా సంచిలో సూది దారం ఎప్పుడూ ఉంటాయి. "నీకు అభ్యంతరం లేకపోతే చంక కింద కచ్చా కుట్టు వేస్తాను, తర్వాత లాగితే ఊడొస్తుంది" అన్నాను. తీగ ఎక్కడెక్కడ పోతోందో వేలితో తడిమి చూసుకుని, తీగ లేని చోట ఎలాస్టిక్ మీద రెండంగుళాలు పట్టి కుట్టాను. మళ్లీ వేసుకుంటే ఎడమ వైపు చుక్కలన్నీ రంగులోకి వచ్చాయి. ఆ అమ్మాయి కళ్లు ఇంతింత చేసుకుని చూసింది. తర్వాత వచ్చిన వాళ్లలో ఆరుగురికి నేనే సర్దాను. నా 600 మాత్రం వెనక్కి ఇవ్వలేదు!

ఇదంతా ఎలా పని చేస్తుందో మా అమ్మాయి చెప్పింది. ఆ చుక్కల్ని థర్మిస్టర్లు అంటారు. వేడి పెరిగితే వాటిలో కరెంటుకి అడ్డు తగ్గుతుంది, దాన్ని బట్టి ఒంటి మీద ఆ చోట ఎంత వేడి ఉందో లెక్క కడతారు. క్యాన్సర్ గడ్డ పెరగడానికి కొత్త రక్తనాళాలు లాక్కుంటుంది, అక్కడ రక్తం ఎక్కువ పారుతుంది, పైన చర్మం కాస్త వెచ్చబడుతుంది. రెండు వైపులా పోల్చి తేడా ఉందేమో చూస్తారు. కేరళలోని త్రిసూర్‌లో సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్త ఎ. సీమ గారు ఇలా వేడి కొలిచే సెన్సార్లని బ్రాలో అమర్చి తయారు చేశారు. అందుకు 2019 మార్చి 8న రాష్ట్రపతి చేతుల మీదుగా నారీ శక్తి పురస్కారం అందుకున్నారు. ఆవిడ గురించి విన్నప్పుడు నాకు గర్వంగా అనిపించింది. బట్టలు విప్పి ఎవరి ముందూ నిలబడక్కర్లేదు, ఎక్స్‌రే లేదు, నొప్పి లేదు. ఆడవాళ్లు ఎందుకు వెనకాడతారో తెలిసిన ఆడమనిషి ఆలోచన అది.

అయితే వేడి చాలా వాటికి పుడుతుంది. సెగ్గడ్డ లేచినా, పాలు గడ్డకట్టినా, ఏదైనా వాపు ఉన్నా వేడే. లోతుగా ఉన్న గడ్డ, నెమ్మదిగా పెరిగే గడ్డ పైకి వేడి చూపించకపోవచ్చు. అమెరికాలో మందులూ పరికరాలూ పరిశీలించే ఎఫ్‌డీఏ 2019 ఫిబ్రవరిలో ఈ విషయమే గట్టిగా చెప్పింది. ఒంటి వేడిని ఫొటో తీసే థర్మోగ్రఫీ, రొమ్ముకి ఎక్స్‌రే తీసే మామోగ్రామ్‌కి బదులు కాదు, అలా అమ్మితే ఒప్పుకోం అని. మరి ఈ క్యాంపులో పంచిన కరపత్రం మీద ఏముందో తెలుసా? "ఇక బాధాకరమైన మామోగ్రామ్ అవసరం లేదు" అని పెద్ద అక్షరాల్లో. నాకు కోపం వచ్చింది అక్కడే. వస్తువు మంచిదే కావొచ్చు, ఆ వాక్యం మాత్రం తప్పు. మా వీధిలో ఒక వదిన ఆకుపచ్చ రిపోర్టు చూసుకుని "హమ్మయ్య, ఇంక ఐదేళ్లు దీని జోలికి పోనక్కర్లేదు" అని వెళ్లిపోయింది. ఆవిడకి 58 ఏళ్లు. ఇంతవరకూ ఒక్క మామోగ్రామ్ కూడా లేదు. నేను మూడుసార్లు చెప్పాను. "మిషనే చెప్పింది కదమ్మా" అంటుంది.

శుభ్రత సంగతీ చెప్పాలి. ఒకే బ్రా వరుసగా పది మందికి వేస్తున్నారు. సెన్సార్లు ఉన్నాయి కాబట్టి ఉతకడం కుదరదు. దూదితో స్పిరిట్ రాసి తుడుస్తున్నారు. సరే, కానీ స్పిరిట్ ఆరకుండానే తర్వాతి మనిషికి వేస్తే ఆ చోటంతా చల్లగా ఉండదూ? వేడిని కొలిచే వస్తువుకి అది తేడా కాదా? అడిగితే ఆ అమ్మాయి అప్పటి నుంచి రెండు నిమిషాలు ఫ్యాన్ కింద ఆరబెట్టింది. మంచి పిల్ల, నేర్చుకునే పిల్ల.

రిపోర్టులు సాయంత్రం వాట్సాప్‌లో వచ్చాయి. ఇక్కడ ఇంకో తిరకాసు. పేరు రాయించుకునేటప్పుడు ఫోన్ నంబరు అడిగారు. మన ఆడవాళ్లలో చాలామందికి సొంత వాట్సాప్ లేదు, మొగుడిదో కొడుకుదో ఇచ్చారు. ఎదురింటి పిన్నిగారి రిపోర్టు హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి వెళ్లింది. పసుపు రంగు చూసి వాడు ఆఫీసులోంచి టెన్షన్‌గా ఫోను, "అమ్మా నీకేమైంది" అని. ఆవిడ అప్పుడు పప్పు తాలింపు పెడుతోంది. తనకేదో అయిందని ఆవిడకి ముందు తెలిసింది కొడుకు గొంతులోనే. రిపోర్టు ఎవరికి పంపాలో ఆ మనిషినే అడిగి రాసుకోవడానికి ఏమైనా ఖర్చవుతుందా?

నాకూ పసుపే వచ్చింది. ఎడమ వైపు, చంకకి దగ్గరగా. "మధ్యస్థం, డాక్టర్ని సంప్రదించండి." ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆయన "ఏం కాదులే" అని పది నిమిషాల్లో గురక పెట్టాడు. నేను మంచం మీద కూర్చుని చేత్తో వెతుక్కుంటూనే ఉన్నాను. ఏదీ తగల్లేదు, లేదా అంతా తగిలినట్టే ఉంది.

సోమవారం వెళ్లి మామోగ్రామ్ తీయించుకున్నాను. దాని గురించి భయపడేవాళ్ల కోసం ఉన్నది ఉన్నట్టు చెప్తాను. రెండు పలకల మధ్య పెట్టి నొక్కుతారు, ఒక్కో వైపు రెండుసార్లు. నొప్పిగానే ఉంది, కానీ ప్రతిసారీ కొన్ని సెకన్లే. వేలు మిషన్ సూది కింద పడినప్పుడు ఇంతకంటే ఎక్కువ ఏడ్చాను. పౌడర్ రాసుకుని వెళ్లకండి, అది ఫిల్ములో చుక్కల్లా కనబడుతుందట, నన్ను కడుక్కు రమ్మన్నారు. తర్వాత అల్ట్రాసౌండ్ స్కాన్ కూడా చేశారు, ఎందుకంటే నా రొమ్ము దట్టంగా ఉన్న రకం, రిపోర్టులో "సి" అని రాశారు. దట్టంగా ఉన్నది మామోగ్రామ్‌లో తెల్లగా కనిపిస్తుంది, గడ్డా తెల్లగానే కనిపిస్తుంది. మల్లెపూల బుట్టలో తెల్ల దారం ముక్క వెతకడమన్నమాట. అందుకని స్కాన్.

స్కాన్‌లో ఎడమ వైపు ఎనిమిది మిల్లీమీటర్ల నీటితిత్తి కనిపించింది. నల్లగా, గుండ్రంగా, అంచులు నున్నగా. రిపోర్టు చివర "బైరాడ్స్ 2" అని ఉంది. ప్రమాదం లేనిది అని అర్థం, ఏడాది తర్వాత మామూలుగా రమ్మన్నారు. నేను సంతోషం పట్టలేక "చూశారా డాక్టరమ్మా, ఆ బ్రా సరిగ్గా పట్టేసింది" అన్నాను. ఆవిడ నవ్వింది. "నీటితిత్తి వేడెక్కదమ్మా. అది చూపించింది దీన్ని కాకపోవచ్చు" అంది. ఇస్త్రీ బల్ల అప్పుడు గుర్తొచ్చింది. చెప్పాను. "అదీ కావొచ్చు, ఇంకేదైనా కావొచ్చు" అంది.

కాబట్టి ఆ యంత్రం నిజం చెప్పిందో, ఇస్త్రీ పెట్టె వేడిని చూసి అబద్ధం చెప్పిందో నాకు ఈరోజుకీ తెలియదు. కానీ 47 ఏళ్లకి నేను మొదటిసారి మామోగ్రామ్ తీయించుకున్నది మాత్రం దాని వల్లే.

అసలు ఆ 600 ఎందుకు కట్టానో చెప్తాను. 2019లో ఒక టీచరమ్మ మూడు జాకెట్లు తెచ్చింది. అన్నీ నేను కుట్టినవే, ఒకే ఆది జాకెట్టు మీద. "కుడి వైపు వదులైపోయింది, కాస్త లాగి కుట్టవూ" అంది. రెండు వైపులా వదులైతే మనిషి చిక్కిందనుకుంటాం. ఒక్క వైపే ఎందుకు వదులవుతుంది? వేసి చూస్తుంటే పైన చర్మం ఒక చోట లోపలికి లాగినట్టు, బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా కనిపించింది. నేను చూశాను. "ఏంటమ్మా ఇది" అన్నాను. "వయసే" అంది. నేను ఇంకేం అనలేదు. లాగి కుట్టి, జాకెట్టుకి ముప్ఫై చొప్పున తొంభై రూపాయలు తీసుకున్నాను. నాలుగు నెలల తర్వాత తెలిసింది. ఆపరేషన్ అయింది, కుడి వైపు మొత్తం తీసేశారు. ఇప్పుడు బాగానే ఉంది, మొన్న సంక్రాంతికీ వచ్చింది. ఆవిడ జాకెట్లకి లోపల ఒక జేబు కుడతాను. ఉత్త దూది పెడితే బరువు లేక జాకెట్టు ఆ వైపు పైకి లేచేది. పసిపిల్లలకి ఆవాల దిండు కుడతాం కదా, అలాగే మల్లు గుడ్డ సంచిలో దూది మధ్య ఆవాలు పోసి కుట్టాను. ఇప్పుడు చీర పమిట నిలుస్తుంది. ఆ తొంభై రూపాయలు మాత్రం గుర్తొచ్చినప్పుడల్లా గుచ్చుకుంటాయి.

నేను ఇలా సణుగుతుంటే మా అమ్మాయి ముంబై సంగతి ఒకటి చెప్పింది. అక్కడి టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు 1998 నుంచి ఇరవై ఏళ్ల పాటు బస్తీల్లో లక్షన్నర మంది ఆడవాళ్ల మీద పరిశోధన చేశారు. పదో తరగతి చదివిన ఆడవాళ్లకి నేర్పించి, వాళ్ల చేత సగం మందికి రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేయించారు. మిషన్ లేదు, సెన్సార్ లేదు. 2021లో ఫలితాలు బయటపెట్టారు. యాభై దాటినవాళ్లలో ఈ జబ్బుతో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వాళ్లలో అంత ఫలితం కనబడలేదు. మన ప్రభుత్వం కూడా 2016లోనే రూలు పెట్టింది, 30 దాటిన ఆడవాళ్లకి ఐదేళ్లకోసారి ఆరోగ్య కేంద్రంలో చేత్తో పరీక్ష చేయాలని, డబ్బులు కట్టనక్కర్లేదని. మా లైనులో ఎంతమంది వెళ్లారో అడిగాను. ఒక్కరు. ఆవిడ ఏఎన్ఎం చెల్లెలు.

మరి ఈ సెన్సార్లు వద్దా అంటే అలా అనను. 2023లో అమెరికాలోని ఎమ్ఐటీ అనే యూనివర్సిటీలో జనాన్ దాదెవిరెన్ అనే ఆవిడ బృందం ఇంకో రకం చేసింది, అది నాకు చాలా నచ్చింది. ఆవిడ పిన్నో మేనత్తో గానీ, క్రమంగా పరీక్షలు చేయించుకుంటూనే 49 ఏళ్లకి చివరి దశలో జబ్బు బయటపడి, ఆరు నెలలకే చనిపోయింది. ఆవిడ మంచం పక్కన కూర్చుని గీసిన బొమ్మతో మొదలైందట ఈ పని. ఇది వేడిని కాదు, స్కాన్‌లాగా శబ్దాన్ని పంపి లోపల చూస్తుంది. 8 సెంటీమీటర్ల లోతు దాకా, 0.3 సెంటీమీటర్ల తిత్తి కూడా కనబడిందట. మా అమ్మాయి ఫొటో చూపించింది. తేనెపట్టులా గళ్లు గళ్లుగా ఉన్న పట్టీ, దాన్ని బ్రాకి అయస్కాంతాలతో అతికిస్తారు. బ్రాలో ఆ గళ్ల దగ్గర కన్నాలున్నాయి, యంత్రం కొన ఆ కన్నంలోంచి నేరుగా చర్మానికి ఆనుతుంది. ఒక చోట చూశాక ఇంకో గడిలోకి జరుపుతారు. చూడగానే నాకు అర్థమైంది, గుడ్డని నమ్ముకోలేదు, గుడ్డ కేవలం ఏ చోట చూడాలో చూపించే కొలబద్ద. అది తెలివంటే! మన బజారుకి వస్తే ముందు నేనే కొంటాను, నా దగ్గర 44 సైజు వాళ్లకీ సరిపోయేలా కుట్టిస్తానని ఒప్పందం చేసుకుని మరీ.

స్టార్లు ఇవ్వాలి కదా. ఐదుకి రెండున్నర. కుట్టుకీ ఆ అమ్మాయి ఓపికకీ, టీ తాగావా అని అడిగినందుకూ అవి. సైజులకి ఒకటి కోశాను, ఫోను నంబరుకి అర, కరపత్రం మీది ఆ వాక్యానికి పూర్తిగా ఒకటి. మీ ఊళ్లో క్యాంపు పెడితే వెళ్లొచ్చు. వెళ్లే ముందు పొయ్యి దగ్గరా ఇస్త్రీ దగ్గరా నిలబడకండి, మీ నంబరే ఇవ్వండి, చంక కింద వేలు దూరితే మళ్లీ వేయమనండి. ఆకుపచ్చ వచ్చినా, నలభై దాటితే మామోగ్రామ్ గురించి డాక్టర్ని అడగండి. చేతికి గడ్డ తగిలినా, చర్మం లాగినా, చనుమొన నుంచి రక్తం కనిపించినా క్యాంపు కోసం ఆగకండి, నేరుగా ఆసుపత్రికే.

మొన్న బుధవారం ఆ అమ్మాయి ఫోను చేసింది. నా స్కాన్ సంగతి అడిగి, "హమ్మయ్య అక్కా" అంది. కరపత్రం గురించి పైవాళ్లకి చెప్పిందట, చూద్దాం అన్నారట. తర్వాత కాస్త మొహమాటపడుతూ, "అక్కా, మీరు వేసిన కుట్టు ఇంకా విప్పలేదు. రేపు నరసరావుపేటలో క్యాంపు ఉంది. అలాగే ఉంచెయ్యనా?" అంది. "ఒక్కొక్కళ్లకి ఒక్కోలా పట్టాలమ్మా, అది నా కొలతకి వేసింది, విప్పెయ్" అన్నాను. కచ్చా కుట్టు ఎలా వెయ్యాలో వీడియో కాల్‌లో చూపించాను. మూడోసారికి వచ్చింది.